మంచు కుప్ప ముందు కెమెరా పెట్టండి, ఇద్దరి ప్రాజెక్టూ అక్కడే ఉంది

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. నువ్వేమో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్, నీ టీమ్‌మేట్ కంప్యూటర్ సైన్స్, ఇద్దరికీ కలిపి ఒకటే సెమిస్టర్ ప్రాజెక్టు, నీకు మినియాపోలిస్ రోడ్ల మీద స్నో కరిగి పారే నీళ్ళని శుభ్రం చెయ్యడం మీద చెయ్యాలనుంది, ఆ అబ్బాయికి ఇళ్ళకి పెట్టుకునే సెక్యూరిటీ కెమెరాల మీద చెయ్యాలనుంది, ప్రొఫెసర్ ఒకటే ప్రపోజల్ ఇమ్మన్నారు, చేతిలో ఆరొందల డాలర్లు, జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా టైము, ఇప్పుడు ఎవరు ఎవరి టాపిక్ వదులుకోవాలి అని కదా అడిగావు. ఎవరూ ఏదీ వదులుకోవక్కర్లేదు. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుద్ది, ఓపికుంటే చాయ్ పెట్టుకుని చదువు.

నువ్వు అని పిలిచేస్తున్నా, ఏమనుకోకు, మా పెద్దమ్మాయిది నీ వయసే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, ఇక్కడ ట్విన్ సిటీస్‌లో, అంటే మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, వాననీటి కాలవలు, చెరువులు, మ్యాన్‌హోళ్ళ పని మీద పదిహేడేళ్ళ నుంచి తిరుగుతున్నా, పేరుకి వాననీళ్ళ పనే గానీ ఈ ఊళ్ళో మా సగం తలనొప్పి మార్చిలో కరిగే స్నోతోనే.

ముందు నీ ప్రపోజల్‌లో ఆ రెండో లైను కొట్టెయ్. బయోచార్ (కట్టెబొగ్గు లాంటిది) ఫిల్టర్‌తో రోడ్డు ఉప్పుని తొంభై శాతం తీసేస్తాం అని రాశావు చూడు, అది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకళ్ళు ఇదే ఐడియాతో వస్తారు, ఏప్రిల్‌లో మొహం వేలాడేసుకుని వెళ్తారు. రోడ్డు మీద చల్లేది మామూలు సోడియం క్లోరైడే, మన ఊరగాయలో వేసేదే కాస్త ముతకగా ఉంటది. అందులో క్లోరైడ్ ఉంది చూశావా, అది అడుక్కి దిగదు, మట్టికి అంటుకోదు, మొక్కలూ బాక్టీరియా తినేసేంతగా తినవు, ఎండకి ఆవిరవదు. మా నాన్న చిన్నప్పుడు కాలవకి వరద నీళ్ళు ఎర్రగా వస్తే కుండలో పటిక తిప్పి పెట్టేవాళ్ళంట, తెల్లారేసరికి బురద కిందకి దిగి పైన తేటనీళ్ళు నిలిచేవంట. పటిక వేస్తే బురద దిగుద్ది గానీ ఉప్పు దిగుద్దా? అంతే ఇక్కడా. నిజంగా క్లోరైడ్ తియ్యాలంటే రివర్స్ ఆస్మోసిస్ పెట్టాలి, పెట్టినా అది వదిలే చిక్కటి ఉప్పునీళ్ళు మళ్ళీ ఎక్కడ పొయ్యాలో తెలీదు, పార్కింగ్ లాట్ డ్రెయిన్‌కి ఆర్ఓ ప్లాంటు పెట్టేవాడు ఎవడూ లేడు.

ఎంత ఉప్పు ఎక్కువ అంటే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో పెట్టిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు, నీళ్ళల్లో బతికే జీవాలకి రోజుల తరబడి తగిలితే లీటరుకి 230 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటకూడదు, కాసేపే అయితే 860. కెనడా వాళ్ళది ఇంకా గట్టిది, 2011లో దీర్ఘకాలానికి 120, తక్కువ కాలానికి 640 అని పెట్టారు. మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ వాళ్ళు జనానికి అర్థమయ్యేలా ఒక మాట చెప్తుంటారు, ఒక్క టీస్పూన్ ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్ళని శాశ్వతంగా పాడుచేస్తది అని. చేత్తో లెక్కేసి చూడు, దాదాపు కుదురుద్ది. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు ఇక్కడి నదుల్లోకి వెళ్ళే ఉప్పుని లెక్కగట్టి, ట్విన్ సిటీస్‌లో చల్లినదాంట్లో 70 శాతం దాకా బయటికి పోకుండా ఇక్కడి చెరువుల్లో, భూమిలో, భూగర్భజలాల్లోనే ఉండిపోతోందని తేల్చారు. అంటే ప్రతి చలికాలం ఖాతాలో జమే తప్ప ఖర్చు లేదు.

మరైతే ట్రీట్‌మెంట్ అంటూ చెయ్యడానికి ఏముంది అని అడుగుతావు. ఉంది. అసలు పాయింటు ఇక్కడే, ఇది పట్టుకుంటే నీ ప్రాజెక్టు నిలబడ్డట్టే.

చిన్నప్పుడు పుల్లైసు తిన్నావుగా? నాలుగు చీకులు చీకితే రంగూ తీపీ మొత్తం వచ్చేసి, చేతిలో తెల్లటి చప్పటి ఐసు మిగిలేది, ఇంకా సగం పుల్ల అలానే ఉండేది. ప్లౌ బండి రోడ్డు మీంచి, పార్కింగ్ లాట్ మీంచి నెట్టి పోగేసిన స్నో కుప్ప కూడా అచ్చం అలాగే కరుగుద్ది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఐసు రేణువు తనలోకి ఉప్పుని రానివ్వదు, బయటికి నెట్టేస్తది, ఆ ఉప్పంతా రేణువుల పైపొర మీద, సందుల్లో పేరుకుని కూర్చుంటది. కరగడం మొదలవ్వగానే మొదటి నీళ్ళు ఆ సందుల్లోంచి జారుతూ ఉప్పుని కడుక్కుంటూ పోతాయి. నార్వేలో 1970ల్లో యాసిడ్ వానల మీద పని చేసినవాళ్ళు కొలిచి చూస్తే, కరిగే నీళ్ళలో మొదటి 30 శాతంతోనే మంచులోని కాలుష్యం 50 నుంచి 80 శాతం దాకా బయటికి వచ్చేసింది. అది కొండ మీద పడ్డ శుభ్రమైన మంచు, రోడ్డు మంచులో ఇంకో తిరకాసు కూడా ఉంది, ఉప్పు కలిసిన నీళ్ళు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టవు, కాబట్టి గాలి మైనస్ ఐదులో ఉన్నా కుప్ప అడుగు నుంచి చిక్కటి ఉప్పునీళ్ళు చడీచప్పుడు లేకుండా జారిపోతుంటాయి. థర్మామీటర్ చూసి ఇంకా కరగడం మొదలవలేదులే అని మనం దుప్పటి కప్పుకుని పడుకుంటాం.

ఇసుక, టైరు పొడి, బ్రేకు ప్యాడ్ల రాగి, టైర్లలోంచి వచ్చే జింకు, ఇంజన్ పొగలోని నూనె మసి, ఇవి మాత్రం రివర్సు. రేణువులు కాబట్టి, రేణువుని పట్టుకుని వేలాడేవి కాబట్టి, ఇవి కుప్పలోనే ఉండిపోతాయి, పైన నల్లటి అట్టు కడతాయి, చివరి రోజుల్లో గానీ కదలవు. ఏప్రిల్‌లో గ్రోసరీ స్టోర్ పార్కింగ్ లాట్ మూల చూడు, స్నో అంతా పోయాక నల్లటి ఇసుక మేట, దాంట్లో ఒక గ్లౌజు, రెండు కాఫీ కప్పులు, ఒక్కోసారి షాపింగ్ కార్టు కూడా. అదే మిగిలిన సరుకు.

అంటే ఆ కుప్పలోంచి వచ్చేది ఒకే నీళ్ళు కాదు. ముందు వచ్చేది ఉప్పునీళ్ళు, చూడ్డానికి తేటగా ఉంటాయి, ఏ ఫిల్టరూ ఏం చెయ్యలేదు. చివర వచ్చేది మురికినీళ్ళు, చూస్తే అసహ్యంగా ఉంటాయి గానీ నిలవబెడితే తేరతాయి. చూసే కంటికి ఏది మంచిదనిపిస్తదో అదే చెడ్డది. కాబట్టి ఏ ఫిల్టరు అనే ప్రశ్న తర్వాత, ఎప్పుడు అనేది ముందు. ఉప్పునీళ్ళు ఏ గంటకి మొదలయ్యాయి, ఎన్ని రోజులు పోయాయి, మురికినీళ్ళు ఎప్పుడు మొదలయ్యాయి. రాత్రింబగళ్ళు చలిలో నిలబడి ఆ ఎప్పుడుని కాపలా కాసేది ఎవరు? నీ ఫ్రెండు కెమెరా.

పందెం కాస్తా, ఇది నమ్మకపోతే ఈరోజే ఇంట్లో చేసి చూడు. బస్టాపు పక్కన ప్లౌ నెట్టేసిన బూడిదరంగు స్నో ఒక బకెట్ తెచ్చుకో, బకెట్ అడుగున చిన్న చిల్లు పెట్టి కింద గ్లాసులు మార్చుకుంటూ ఉండు, వంటింట్లో వద్దు, బాత్‌టబ్‌లో పెట్టు, రూమ్‌మేట్స్ తిడతారు. ఒక్కో గ్లాసులో కండక్టివిటీ మీటర్ (నీళ్ళలో కరెంటు ఎంత పారుద్దో చూసి ఉప్పు చెప్పేది) ముంచి రాసుకో. మొదటి గ్లాసు వేలల్లో చూపించి, పోనుపోను పడిపోద్ది. ఆఖరి గ్లాసు ఫిల్టర్ కాఫీ అడుగులా ఉంటది, మీటర్ మాత్రం నెమ్మదిగా కూర్చుని ఉంటది. ఆ గ్లాసులు వరసగా పెట్టి ఒక ఫోటో తియ్, మీ ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడు అదే పెట్టు.

నేను ఈ పాఠం ఎలా నేర్చుకున్నానో చెప్తా, నవ్వుకో. ఉద్యోగంలో చేరిన మొదటి వసంతం, ఒక అవుట్‌ఫాల్ దగ్గర, అంటే కాలవ పైపు బయటికి తెరుచుకునే చోట, నీళ్ళని తనంతట తానే సీసాల్లోకి పీల్చే ఆటోమేటిక్ శాంప్లర్ పెట్టా, పైపులో నీటిమట్టం ఇంత లేస్తేనే సీసా నింపు అని సెట్ చేశా, వానాకాలంలో అలాగే చేసేవాళ్ళం కాబట్టి. ఉప్పునీళ్ళు సన్న ధారగా పైపు అడుగున జారిపోతుంటే మట్టం లేవలేదు, దానికితోడు పీల్చే గొట్టం మూతి దగ్గర ఐసు కట్టి మూసుకుపోయింది. మూడు రోజుల తర్వాత ఎండ కాసి వరదలా వస్తే అప్పుడు నిద్రలేచింది మా శాంప్లర్. క్లోరైడ్ చాలా తక్కువ అని రిపోర్టు రాసేశా, గ్రాఫు కూడా రంగురంగులుగా వేశా. మా పైఆయన అది చూసి ఒకటే అడిగాడు, మొదటి సీసా నింపిన టైముకి కుప్ప ఎంత మిగిలింది అని. నా దగ్గర సమాధానం లేదు. కుప్పని ఎవరూ చూడలేదు. రిపోర్టు మొత్తం చెత్తబుట్టలోకి పోయింది, మళ్ళీ ఏడాది ఆగాల్సొచ్చింది. ఆ రోజు ఎదురింటి గ్యారేజీ మీద ఒక నలభై డాలర్ల కెమెరా ఉండుంటే నా ఏడాది మిగిలేది.

మిగతా ఊళ్ళు ఏం చేస్తాయో రెండు ముక్కల్లో. మాంట్రియాల్ ఏటా కోటీ ఇరవై లక్షల ఘనమీటర్ల దాకా స్నో ఎత్తుద్ది, కొంత డంపు యార్డులకి, కొంత రోడ్డు మీద పెద్ద కన్నాలు తీసి నేరుగా మురుగు పైపుల్లోకి తోసేస్తారు, అది ట్రీట్‌మెంట్ ప్లాంటుకి పోద్ది. ఫ్రాంకాన్ అని పాత రాతి క్వారీ ఒకటుంది, దాంట్లో పోసిన కొండ ఎండాకాలం మధ్య దాకా కరుగుతానే ఉంటది. ఓస్లోలో 2012 నుంచి ఒక బార్జి మీద ప్లాంటు పెట్టి ఫియర్డ్ (ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్ళ వేడితోనే స్నో కరిగించి ఇసుకా మడ్డీ పట్టుకుని నీళ్ళు సముద్రంలోకి వదిలారు. స్వీడన్‌లో సుండ్స్‌వాల్ ఆసుపత్రి వాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు, 2000 నుంచి చలికాలం స్నోని చెక్కపొట్టు కప్పి దాచి, ఎండాకాలం ఆ చల్లటి నీళ్ళతో బిల్డింగు చల్లబరుచుకుంటున్నారు, మధ్యలో నూనె, ఇసుక వడగడతారు. అన్నిచోట్లా గమనించావా, పట్టుకునేది ఇసుకా మడ్డీనే. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తరు. ఓస్లోకి నడుస్తది, సముద్రం ఎలాగూ ఉప్పే. మనకి కింద మిస్సిసిప్పి, చుట్టూ మంచినీటి చెరువులు, మనకి నడవదు.

మడ్డి పట్టుకోవడంలో కూడా చలి ఒక దెబ్బ కొడతది, ఇది మీ క్లాసులో చెప్పి ఉండాలి గానీ ఎవరూ గుర్తుపెట్టుకోరు. నీళ్ళు చల్లబడేకొద్దీ చిక్కబడతాయి. 20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం 1.00 అనుకుంటే సున్నా దగ్గర 1.79. రేణువు ఎంత వేగంగా అడుక్కి దిగుద్దో చెప్పే స్టోక్స్ ఫార్ములాలో అది భాగహారం కింద ఉంటది, అంటే జులైలో గంటలో అడుక్కి దిగే సన్న రేణువుకి మార్చిలో గంటా నలభై ఏడు నిమిషాలు పట్టుద్ది. చెరువేమో అదే సైజు. పైగా పైన ఐసు పలక ఉంటది, నీళ్ళు దాని కింద దూరి సర్రున పోతాయి, నిలవవు. వేసవి లెక్కలతో కట్టిన చెరువు స్నో నీళ్ళకి ఎందుకు సరిగ్గా పనిచెయ్యదో ఇక్కడే సగం అర్థమైపోద్ది. ఇది నువ్వు రెండు గాజు సిలిండర్లతో చూపించొచ్చు, ఒకటి ఫ్రిజ్‌లో ఒకటి టేబుల్ మీద, కుప్ప కింది మడ్డి నీళ్ళే రెండిట్లో, పావుగంటకోసారి ఫోటో. ఖర్చు సున్నా.

ఇక్కడ మా నాన్న రొయ్యల చెరువు గుర్తొస్తది నాకు. పెద్ద వాన పడ్డ రాత్రి మంచినీళ్ళు పైన తేలతాయి, ఉప్పునీళ్ళు బరువు కాబట్టి అడుగునే ఉంటాయి, రెండూ కలవవు, అడుగున గాలి అయిపోద్ది, ఏరేటర్లు తిప్పకపోతే తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కన తేలతాయి. కరెంటు పోయిందంటే ఇల్లంతా లేచి కూర్చునేవాళ్ళం. ఇక్కడి వాననీటి చెరువుల్లో మార్చిలో జరిగేది కూడా అదే, ఉప్పునీళ్ళు అడుగుకి జారి పడుకుంటాయి, పైనీళ్ళతో కలవవు, అడుగు పొరకి ఆక్సిజన్ అందదు, దాంతో మట్టి పట్టుకుని ఉన్న ఫాస్ఫరస్ మళ్ళీ నీళ్ళలోకి వదులుద్ది. సోడియం, క్లోరైడ్ రెండూ కలిసి మట్టిలోని లోహాలని కూడా కదుపుతాయి. అంటే ఉప్పు తాను ఆగకపోవడమే కాదు, మనం కష్టపడి ఆపినవాటిని కూడా విడిపిస్తది. ఇక్కడి ఇంజినీర్లకి ఇది చెప్పడానికి నేను రొయ్యల కథే చెప్తా, బాగా ఎక్కుద్ది.

సరే కెమెరా సంగతి. నీ ఫ్రెండుకి ఈ భాగం చూపించు.

బ్యాటరీ డోర్‌బెల్ కెమెరా కొనొద్దు, మొదటి తప్పు అదే అవుద్ది. దాంట్లో ఉండే పీఐఆర్ సెన్సార్ ఒంటివేడి కదిలితేనే లేస్తది, స్నో కుప్పకి ఒంటివేడి ఉండదు కదా, మీకు వచ్చేది కుక్కల వీడియోలు, అమెజాన్ డెలివరీ వీడియోలు. పైగా లిథియం బ్యాటరీ సున్నా కింద చార్జి తీసుకోదు, సోలార్ ప్యానెల్ తగిలించినా అంతే. వైరు ఉండి, మెమరీ కార్డు పడేది, ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్ (వేరే కంప్యూటర్ నేరుగా లాక్కోగల వీడియో) ఇచ్చేది తీసుకోండి, పాత ల్యాప్‌టాపో రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరో పెట్టి పావుగంటకి ఒక ఫోటో లాగితే చాలు, వీడియో అక్కర్లేదు. రోజుకి 96 ఫోటోలు, రెండు నెలలకి దాదాపు ఆరు వేలు, ఫోన్‌లో కూడా పడతాయి.

రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటు ఆపెయ్యండి. స్నో పడుతున్నప్పుడు అది వెలిగితే ప్రతి రేణువూ తెల్లగా మెరిసి దోమల మూకలా కనపడుద్ది, వెనక కుప్ప కనపడదు. పార్కింగ్ లాట్ స్తంభం లైటు చాలు. ఎక్స్‌పోజర్ ఆటోలో వదలకండి, తెల్లటి స్నో చూసి కెమెరా కంగారుపడి మొత్తం బూడిదరంగు చేసేస్తది, మబ్బు వచ్చిన ప్రతిసారీ రంగు మారిపోద్ది, అప్పుడు కోడు రాసేవాడు ఏడుస్తాడు. కుప్ప మధ్యలో ఒక పీవీసీ గొట్టం పాతి ఐదు సెంటీమీటర్లకో పట్టీ, నలుపూ నారింజా మార్చి మార్చి వెయ్యండి, తెలుపు వాడొద్దు. ఎన్ని పట్టీలు బయటపడ్డాయో లెక్కపెట్టడమే కుప్ప ఎంత కుంగిందో చెప్పడం. దీనికి డీప్ లెర్నింగ్ అక్కర్లేదు బాబూ, ఓపెన్‌సీవీ అనే ఫ్రీ లైబ్రరీలో రంగు త్రెషోల్డ్ (ఈ రంగు దాటితే పట్టీ అనే హద్దు) చాలు, ప్రతిదానికీ ఒక మోడల్ ట్రెయిన్ చేస్తానని బయల్దేరితే ఏప్రిల్ వచ్చేస్తది. ఒక రెండొందల ఫోటోలు ఇద్దరూ విడివిడిగా కంటితో లెక్కపెట్టి, కోడు ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో రాయండి, ఆ తప్పు ఎంతో రాసినవాడి మీదే నాకు నమ్మకం.

గొట్టం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది, కెమెరా ఫ్రేములో కుప్ప అడుగు నుంచి డ్రెయిన్ దాకా తారు నేల కనపడాలి. పొడి తారు లేత బూడిద, అదే తడిస్తే నల్లగా అవుద్ది. ఆ నల్ల చార ఎప్పుడు పుట్టింది, ఎంత పొడుగు పాకింది, రాత్రి ఎండిందా లేదా, ఇదే మీ ప్రాజెక్టుకి బంగారం. గాలి సున్నా కింద ఉన్న రోజు చార కనపడితే అది చాలామటుకు ఉప్పునీళ్ళే, వెంటనే ఫోన్‌కి అలర్టు వచ్చేలా కోడు రాయమను, నువ్వు సీసాలు తీసుకుని పరిగెత్తు. నేను ఏడాది పోగొట్టుకున్నది ఆ చార చూడలేకే.

ఇంకో చిన్న మాట, చిన్నదే గానీ కొంప ముంచుద్ది. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుగుతాయి, సరిగ్గా స్నో కరిగే సీజన్ మధ్యలో. కెమెరా తనంతట తాను మార్చుకుంటది, మీటర్ రీడింగులు దాచే లాగర్ మార్చుకోదు. కెమెరాలో మధ్యాహ్నం మూడుకి నీళ్ళు ఉధృతంగా వస్తే లాగర్‌లో ఉప్పు రెండుకే వచ్చినట్టు తేలుద్ది, దానికి ఎవరో ఒకరు మంచి థియరీ కూడా కట్టేస్తారు. మొదటి రోజే రెండిటినీ యూటీసీలో (ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక సమయం) పెట్టేసి మర్చిపోండి.

మీటర్ సంగతి. పెన్ను మాదిరి కండక్టివిటీ మీటర్ చాలు, కానీ ఉష్ణోగ్రతకి సర్దుకునే సౌకర్యం ఉండాలి, లేకపోతే సున్నా దగ్గర నీళ్ళు 25 డిగ్రీల లెక్కలో సగమే చూపిస్తాయి. లెక్క ఇలా పెట్టుకో, లీటరుకి ఒక గ్రాము ఉప్పు అంటే సుమారు 2,000 మైక్రోసీమెన్స్, ఆ గ్రాములో క్లోరైడ్ 607 మిల్లీగ్రాములు, కాబట్టి 230 హద్దు దగ్గర మీటర్ 750 చుట్టుపక్కల ఉంటది, నీళ్ళల్లో వేరేవి కూడా ఉంటే ఇంకాస్త ఎక్కువ. మొదటి నీళ్ళు మీటర్ రేంజి దాటేస్తే డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది వంతులు కలిపి కొలిచి పదితో గుణించు. చల్లింది మెగ్నీషియం క్లోరైడో కాల్షియం క్లోరైడో అయితే లెక్క మారుద్ది, అందుకని ఓ పది సీసాలు మీ డిపార్ట్‌మెంట్ ల్యాబులో అసలు క్లోరైడ్ టెస్టు చేయించి నీ మీటర్‌ని దాంతో సరిచూసుకో. క్లోరైడ్ సీసాలు ఫ్రిజ్‌లో పెడితే 28 రోజులు ఆగుతాయి, కంగారు లేదు. లోహాల సీసాల్లో నైట్రిక్ యాసిడ్ వెయ్యాలి, అది ల్యాబువాళ్ళు వేసి ఇస్తారు, నువ్వు చెయ్యి పెట్టకు. టైరు రసాయనాల జోలికి ఈ బడ్జెట్‌లో వెళ్ళకు, 2020లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు కోహో సాల్మన్ చేపలు చచ్చిపోవడానికి కారణం టైరులోంచి వచ్చే 6పీపీడీ-క్వినోన్ అని కనిపెట్టాక సస్కటూన్‌లో స్నో నీళ్ళల్లో కూడా అది దొరికింది, ఆసక్తిగానే ఉంటది గానీ దానికి కావాల్సిన మెషీను వేరే లెవెలు.

కుప్పలో ఎన్ని నీళ్ళున్నాయో తెలియాలి. ఫోన్‌తో చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తే త్రీడీ ఆకారం వచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్లున్నాయి, అది నీ ఫ్రెండు చూసుకుంటాడు. తూకానికి ఒక పెద్ద టమాటా డబ్బా రెండు వైపులా మూత తీసేసి స్నోలోకి దిగ్గొట్టి, నిండిన స్నో తూచు. కొత్తగా పడ్డ స్నో ఘనమీటరుకి 100 కిలోలు కూడా ఉండకపోవచ్చు, ప్లౌ నెట్టి నెలరోజులు కూర్చున్న కుప్ప 400 నుంచి 600 దాకా ఉంటది. 40 ఘనమీటర్ల కుప్ప, 500 కిలోలు వేసుకుంటే 20,000 లీటర్లు. ఇక గ్రాఫు వెయ్యి, అడ్డంగా కరిగిన నీళ్ళ శాతం, నిలువుగా బయటికి పోయిన ఉప్పు శాతం, ఇంకో గీత మడ్డి శాతం. ఉప్పు గీత మూల నుంచి మూలకి గీసిన నిటారు గీత మీంచి పైకి ఉబ్బుద్ది, మడ్డి గీత దాని కిందకి వేలాడుద్ది. ఆ రెండు గీతల మధ్య ఖాళీనే మీ థీసిస్సు.

ఆ ఖాళీ ఎందుకు పనికొస్తదంటే, మొదటి మూడు రోజుల నీళ్ళని రెయిన్ గార్డెన్‌లోకీ (వాననీళ్ళు ఇంకేలా మొక్కలు పెట్టిన గుంట) చెరువులోకీ పోనివ్వకుండా పక్కకి మళ్ళించే చిన్న గేటు ఎప్పుడు తెరవాలి ఎప్పుడు మూయాలి అని చెప్పొచ్చు, అలాగే ప్రాపర్టీ మేనేజర్‌కి నీ లాట్ నుంచి ఈ సీజన్‌లో ఇన్ని కిలోల ఉప్పు పోయింది, ఇన్ని డాలర్లు అని కాగితం మీద చూపించొచ్చు. ఉప్పు మామూలుగా తారు మైనస్ తొమ్మిది కంటే చల్లగా ఉంటే పెద్దగా పనిచెయ్యదు, అయినా భయంతో ఇంకో గుప్పెడు చల్లుతారు, జారి పడితే కేసు వేస్తారని. ఇక్కడ స్మార్ట్ సాల్టింగ్ అని ట్రైనింగే ఇస్తారు, తక్కువ చల్లడం ఎలాగో. ఉప్పుకి నిజమైన ట్రీట్‌మెంట్ అదొక్కటే, చల్లకపోవడం, నీ ప్రపోజల్‌లో మొహమాటపడకుండా అదే రాయి.

పర్మిషన్ల విషయంలో మాత్రం బద్ధకించొద్దు. పార్కింగ్ లాట్ అంటే మనుషులు, కార్లు, నంబర్ ప్లేట్లు. మీకు మనుషులతో పనిలేదు కాబట్టి ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ) అక్కర్లేదని మీరే తేల్చుకోకండి, కెమెరా బిగించకముందే వాళ్ళకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెచ్చుకోండి, లాట్ ఓనరు దగ్గర కూడా. కుప్పా తారూ తప్ప మిగతాదంతా నల్లగా మూసే ప్రైవసీ మాస్కు చాలా కెమెరాల్లో ఉంటది, అది పెట్టండి. పక్కింటివాళ్ళ డోర్‌బెల్ ఫుటేజీ అడుగుదామా అని రాశావు, అడగొద్దు. 2023లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ, డోర్‌బెల్ కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ మీద, ఉద్యోగులూ కాంట్రాక్టర్లూ కస్టమర్ల వీడియోలు చూసేశారని కేసు పెట్టి 58 లక్షల డాలర్లకి సెటిల్ చేసింది, అలాంటి వ్యవహారంలో స్టూడెంట్ వేలు పెట్టక్కర్లేదు. క్లౌడ్ ఆపేసి కార్డులోనే దాచుకోండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటి నిమిషంలో మార్చండి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్లు ఆక్రమించిన పరికరాల దండు) అలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ లక్షల్లో పట్టేసి అక్టోబర్ 21న ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని కొన్ని గంటలు పడగొట్టింది. నీ ఫ్రెండుకి సెక్యూరిటీ మీద ఒక చాప్టర్ కావాలంటే ఇదే పెట్టుకోమను, తను వాడిన కెమెరా ఏయే సర్వర్లకి ఏమేం పంపుతోందో వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్‌లో పోయే డేటాని పట్టి చూపే ఫ్రీ సాఫ్ట్‌వేర్) పట్టి రాస్తే చాలు, ఆ అబ్బాయి మొదటి కోరిక కూడా తీరినట్టే.

ఆరొందల్లో అంతా అయిపోద్ది, కెమెరా, కార్డు, మీటర్, గొట్టం, సీసాలు, ల్యాబు టెస్టులకి ఇంకా మిగులుద్ది. ఒక్క కుప్పే తీసుకోండి, రెండు మూడు అని ఆశపడొద్దు, ఎత్తుకెళ్ళే లాట్ కాకుండా సీజనంతా అక్కడే వదిలేసే లాట్ చూసుకోండి, స్నో కంట్రాక్టర్‌ని ముందే అడగండి, లేకపోతే ఫిబ్రవరిలో ఒక రాత్రి లోడర్ వచ్చి మీ థీసిస్సుని లారీలో వేసుకుపోద్ది.

గొట్టం మాత్రం వెంటనే పాతెయ్యండి. కుప్ప పాతబడేకొద్దీ సిమెంటు అయిపోద్ది, సుత్తి పెట్టి కొడితే గొట్టం పగులుద్ది, గడ్డకట్టిన చెరువు ఐసుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్ళు వాడే ఆగర్ గానీ పొడుగు బిట్టున్న డ్రిల్ గానీ కావాలి. నా దగ్గర డ్రిల్లుంది, కావాలంటే శనివారం వచ్చి పట్టుకెళ్ళు. దాని బ్యాటరీలు రెండూ జాకెట్టు లోపల జేబులో పెట్టుకుని తీసుకెళ్ళు, కారు డిక్కీలో వేస్తే కుప్ప దగ్గరకొచ్చేసరికి చచ్చిపోయి ఉంటాయి.